రీస్లింగ్‌కు తగిన పులుసు

ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లే రోడ్డు మీద, సముద్రపు గాలి మొదటిసారి మొహానికి తగిలే మలుపులో, రాష్ట్ర ఆతిథ్య విద్యా శిక్షణ సంస్థ ఉంది. హోటళ్లలో వండడం, వడ్డించడం, విసుగొచ్చినా నవ్వుతూ నమస్కారం పెట్టడం అక్కడ నేర్పుతారు. అందులో ఆంధ్ర వంటల విభాగానికి మాలకొండయ్య ముఖ్య బోధకుడు. ముఖ్యుడూ ఆయనే, మిగతావాళ్లూ ఆయనే. తూర్పు వైపు పెద్ద కిటికీ ఉన్న వంటగదిలో ఇరవై తొమ్మిదేళ్లుగా చేపల పులుసు, గోంగూర, ముద్దపప్పు నేర్పుతున్నాడు. రిటైర్ కావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ పద్నాలుగు నెలలూ ఆ కిటికీ పక్కనే, ఆ పొయ్యి ముందే గడిచిపోతే చాలనుకునేవాడు. అంతకు మించి ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు.

అలాంటి చోటికి జర్మనీ నుంచి పన్నెండు సీసాలు వచ్చాయి.

అక్కడ ఒక నది ఒడ్డున కొండవాలులో ద్రాక్ష పండించే రైతుల సంఘం వాటిని పంపింది. రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షతో చేసిన వైను అది. తీపి ఏమాత్రం మిగలకుండా పులియబెట్టిన రకం. సీసాలతో పాటు ఒక చిన్న పుస్తకం, ఒక ఉత్తరం ఉన్నాయి. మీ ప్రాంతపు వంటల్లో మా వైను పక్కన ఏవి బాగుంటాయో తిని, తాగి చూడండి, నాలుగు నెలల్లో మా మనిషి ఒకరు వస్తారు, వాళ్లకు నచ్చినదాన్ని మా ద్రాక్షకోత పండుగలో వడ్డించుకుంటాం అని రాశారు. రైతులు రాసిన మామూలు ఉత్తరం.

డైరెక్టర్ గరుడాచలం గారు దాన్ని మామూలుగా చదవలేదు. మూడో రోజున నోటీసు బోర్డు మీద సర్క్యులర్ వెలిసింది.

“ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సంస్థలో బోధింపబడు ప్రతి పదార్థమునకును సదరు జర్మన్ వైనుతో జత కుదిరినట్లు ధ్రువపత్రము పొందవలెను. ప్రతినిధి వచ్చునాటికి ధ్రువపత్రము లేని పదార్థములు పాఠ్యాంశముల నుండి తొలగింపబడును. ఒక్క పదార్థమునకైనను ప్రతినిధి ఆమోదము పొందలేని విభాగము మూసివేయబడి, సదరు సిబ్బంది దుప్పట్ల గదికి సర్దుబాటు చేయబడుదురు.”

మాలకొండయ్య దాన్ని మూడుసార్లు చదివాడు. ఆయన వెనక ఆయన వంటగదిలో గిన్నెలు కడిగే సుబ్బరత్తమ్మ నిలబడి ఉంది. ఆమె చదువుకోలేదు గానీ నోటీసు బోర్డు ముందు నిలబడ్డ మనిషి వీపు చూస్తే విషయం చెప్పగలదు.

“దుప్పట్ల గదేనా?” అంది.

“అదే.”

“దానికి కిటికీ లేదన్నా.” కాస్త ఆగి, “ఫ్యానుందిలే. కొత్తది. మొన్ననే బిగించారు,” అంది.

అంత గడ్డు వార్తలో కూడా ఒక ఫ్యాను వెతికి పెట్టిందని మాలకొండయ్యకు మనసు కొంచెం తేలికపడింది.

జత కుదుర్చు కమిటీ మొదటి సమావేశం ఆ సోమవారమే జరిగింది. అధ్యక్షులు డైరెక్టర్ గారు. కార్యదర్శి పరిపాలనాధికారి శేషఫణి. ఆయన నిబంధనల పుస్తకం చంకలో లేకుండా మంచినీళ్లు తాగడానికి కూడా వెళ్లడు. మాలకొండయ్య ఓటు లేని ఆహ్వానితుడు. సీసాలు బల్ల మీద వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటిని ఎవరు రుచి చూడాలన్నది మొదటి అంశం.

శేషఫణి పుస్తకం తెరిచాడు. పనివేళల్లో సంస్థ ఆవరణలో సిబ్బంది మద్యం ముట్టకూడదు. పనివేళలు ముగిశాక సిబ్బంది ఆవరణలో ఉండకూడదు. సంస్థకు వచ్చిన వస్తువు గేటు దాటి బయటికి పోకూడదు. మూడు నిబంధనలూ చదివి, ఇక తాను చేయగలిగింది లేదన్నట్టు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

గరుడాచలం గారు కంగారు పడలేదు. “రుచి చూచుట అనునది అనేక పద్ధతులలో ఒక పద్ధతి మాత్రమే,” అన్నారు. “అందులో వ్యక్తిగత అభిప్రాయములకు తావుండును. మనకు కావలసినది నిష్పాక్షికత. కావున రుచి చూడకుండగనే జత నిర్ణయింపబడును.”

మూత తీసి వాసనైనా చూడొచ్చేమోనని మాలకొండయ్య మెల్లగా అడిగాడు. శేషఫణి చాలాసేపు ఆలోచించి, వాసన చూడడానికి నిబంధన అడ్డు రాదు గానీ మూత తీయడానికి వస్తుందన్నాడు. కాబట్టి మూత బిగించి ఉన్న సీసా చేతులు మారుతూ ముగ్గురి ముక్కుల దగ్గరికీ వెళ్లింది. అభ్యంతరకరమైన వాసన ఏదియు గమనింపబడలేదని మినిట్స్‌లో రాసుకున్నారు.

రెండో సమావేశానికి కమిటీ జర్మన్ల పుస్తకాన్ని ఆశ్రయించింది. ఆ వైనులో పచ్చి ఆపిల్ వాసన, నిమ్మతొక్క వాసన, ద్రాక్షతీగలు పెరిగిన పలకరాతి కొండల తడి వాసన ఉంటాయనీ, బాగా పాతబడ్డ సీసాల్లో పెట్రోలు వాసన లీలగా తగులుతుందనీ అందులో ఉంది. అయితే వైను అవసరమే లేదని గరుడాచలం గారు కనిపెట్టారు. ఆ నాలుగు వాసనలూ విడివిడిగా సమకూర్చుకుంటే నిబంధనలకు లోబడిన వైను తయారైనట్టే గదా.

ఆపిల్, నిమ్మకాయ తేలికగానే దొరికాయి. పలకల కోసం మనిషిని బజారుకు పంపితే మూడు ప్లాస్టిక్ పలకలు తెచ్చాడు. వాటిని గంటసేపు నానబెట్టి వాసన చూస్తే బకెట్ వాసన వచ్చింది. అప్పుడు మాలకొండయ్య, తనది మార్కాపురమనీ, తన నాయన రాతిపలకలు కోసే పనిలోనే బతికాడనీ, తను చిన్నప్పుడు దిద్దిన రాతిపలక ఇంకా ఇంట్లో ఉందనీ చెప్పాడు. మర్నాడు దాన్ని పాత తువ్వాలులో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టి, నీళ్లు చల్లి అరచేత్తో తుడిచాడు.

శేషఫణి వంగి వాసన చూసి పక్కకు జరిగాడు. గరుడాచలం గారు వంగినవారు చాలాసేపు లేవలేదు. లేచాక కిటికీ వైపు చూస్తూ, వాళ్ల నాయనమ్మ తన వేలు పట్టుకుని దిద్దించేదనీ, తప్పు పోతే తన కొంగుతోనే తుడిచేదనీ చెప్పారు. ఐదు నిమిషాల పాటు ఆ గదిలో అధికారి అనేవాడు లేడు. ముగ్గురు పెద్దవాళ్లు ఒక తడి పలక చుట్టూ ఊరికే నిలబడ్డారు.

తరవాత శేషఫణి గొంతు సవరించుకుని పెట్రోలు సంగతి ఎత్తాడు.

అగ్నిమాపక నిబంధనల ప్రకారం వంటగదిలో పెట్రోలు ఉంచకూడదు. కాబట్టి ఆయన తన స్కూటర్‌నే తెచ్చి వంటగది కిటికీ బయట, గోడకు ఆరడుగుల దూరంలో, ట్యాంకు మూత తెరిచి నిలబెట్టాడు. పొయ్యి వెలిగించే వేళ దాన్ని తోసుకుపోయి, ఆర్పాక మళ్లీ తోసుకొచ్చేవాడు. పరీక్ష ఇలా జరిగేది. కమిటీ సభ్యుడు ఒక ముద్ద తిని, ఆపిల్ వాసన చూసి, నిమ్మతొక్క నలిపి, పలక మీద వంగి, ఆనక కిటికీలోంచి తల బయటికి పెట్టి స్కూటర్ వైపు గట్టిగా ఊపిరి పీల్చుకుని, లోపలికి వచ్చి మార్కులు వేయాలి.

ఇంతవరకు మాలకొండయ్యకు సరదాగానే ఉంది. పుస్తకంలో పన్నెండో పేజీ తిప్పాక సరదా పోయింది. వంటకంలో పులుపు వైనులోని పులుపును మించితే వైను చప్పబడిపోతుందని ఆ పేజీలో ఉంది. ఇది గరుడాచలం గారికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన బాగా ఎరిగిన విషయమే.

“అనగా వైను సీనియర్. పదార్థము జూనియర్,” అన్నారు. “జూనియర్ పులుపు సీనియర్ పులుపును మించరాదు. ఇది రుచికి కాదు, క్రమశిక్షణకు సంబంధించిన విషయము.”

గోంగూర పచ్చడిని ఆ పూటే అవిధేయత కింద తొలగించారు. చింతకాయ పచ్చడికి హాజరు కావడానికి కూడా అవకాశం ఇవ్వలేదు. చేపల పులుసుకు హెచ్చరిక చేసి, చింతపండు సగానికి తగ్గించుకు రమ్మన్నారు. తగ్గించాక, తీపి లేని వైను పక్కన కారం మరీ మండుతుందని ఇంకో పేజీలో కనబడింది. సీనియర్ సమక్షంలో జూనియర్ గొంతు పెంచరాదు కాబట్టి మిరపకారం మూడొంతులు పోయింది. మామిడికాయ ముక్కలు పోయాయి. మెంతిపొడి తన అభిప్రాయాలు తనకున్నట్టు ప్రవర్తిస్తోందని అదీ పోయింది. పెరుగన్నం గురించి పుస్తకంలో అసలు లేనే లేదు. పూర్వ దృష్టాంతం లేనిదాన్ని అనుమతించలేమని క్యాంటీన్‌లో దాన్ని ఆపేశారు. దాంతో నలభై మంది సిబ్బంది చారన్నం దగ్గర ఆగిపోయి, భోజనం అయిందో లేదో తెలియక ఎంగిలి చేతులతో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునేవాళ్లు. సుబ్బరత్తమ్మ చూడలేక ఇంటి దగ్గర నుంచి క్యాను నిండా మజ్జిగ తెచ్చి, గేటు అవతల నిలబడి తలా ఒక గ్లాసు పోసేది. గేటు అవతల కాబట్టి శేషఫణి కూడా నిశ్చింతగా తాగేవాడు.

నాలుగో నెల వచ్చేసరికి చేపల పులుసు, గోరువెచ్చని నీళ్లలో పడుకున్న వంజరం ముక్కగా మిగిలింది. దానికి కమిటీ నూటికి తొంభై రెండు మార్కులు వేసింది. అరవై నాలుగు పేజీల నివేదికలో దానిదే మొదటి స్థానం. ప్రతినిధి ఆమోదమే తరువాయి.

మాలకొండయ్య ఆ కాగితం కింద సంతకం పెట్టాడు. పెట్టేటప్పుడు కిటికీ వైపు చూశాడు. ఇంటికి వెళ్లేటప్పుడు తన మీద తనకే చిన్నతనంగా అనిపించింది. మర్నాడు సాయంత్రం పాఠాలయ్యాక సంస్థ వంటగదిలోనే, కొత్తపట్నం ఒడ్డున సొంతంగా కొన్న వంజరంతో, చింతపండు నిండుగా పిసికి, కారం ధారాళంగా వేసి, మామిడికాయ ముక్కలతో మట్టి చట్టిలో అసలు పులుసు పెట్టాడు. ఎవరినీ ధిక్కరించాలని కాదు. తన చేతికి ఆ పని ఇంకా గుర్తుందో లేదో చూసుకోవాలనిపించింది, అంతే. చేపల పులుసు పెట్టిన పూట తినేది కాదు కాబట్టి మర్నాటికని మూతపెట్టి అటక కింద ఉంచాడు. నిజానికి అదీ నేరమే. నిన్న వండినదేదైనా పొద్దున్నే పారబోయాలని సంస్థలో రూలుంది.

ఆ మర్నాడే జర్మనీ మనిషి వచ్చింది.

పేరు ఉర్సులా. అరవై ఐదేళ్లుంటాయి. కోటు వేసుకున్న పెద్దమనిషి వస్తాడనుకుంటే, అరిచేతులు కాయలు కాచిన రైతు మనిషి దిగింది. నిదానంగా, తేలిక ఇంగ్లీషులో మాట్లాడింది. ఆ మాటలు మాలకొండయ్యకే కాదు, సగం సుబ్బరత్తమ్మకు కూడా అర్థమయ్యాయి. ఆవరణలో సీసా తెరవడానికి అతిథులకు అభ్యంతరం లేదని శేషఫణి ముందే రూలు చూసి పెట్టాడు. సీసా బిరడా లాగే మరమేకు కోసం మూడు నెలల కిందటే టెండరు పిలిచారు. అది వెండి పళ్లెంలో వచ్చింది. శేషఫణి తెల్ల తొడుగులు వేసుకుని దాన్ని రెండు చేతులా ఎత్తి సీసా దగ్గరికి తెచ్చాక, ఆ సీసాకు బిరడా లేదని తెలిసింది. మామూలు తిప్పుడు మూత. నాలుగు నెలలుగా ఆ సీసాలు వాళ్ల కళ్ల ముందే ఉన్నాయి. ఉర్సులా సోడా సీసా తీసినట్టు ఒక్క తిప్పు తిప్పి గ్లాసులో పోసుకుంది.

తొంభై రెండు మార్కుల పులుసు తెచ్చి పెట్టారు. ఆమె ఒక చెంచా తింది. ఒక గుక్క తాగింది. ఇంకో చెంచా తింది.

“చేప చాలా తాజాగా ఉంది,” అంది.

ఈ వంట ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అని అడిగింది. ఇది ప్రమాణీకరింపబడిన రూపమని గరుడాచలం గారు చెప్పారు. ఆమె మర్యాదగా తలూపి చెంచా కింద పెట్టింది. గోడ పక్కన నిలబడ్డ మాలకొండయ్యకు ఇంకేమీ వినాల్సిన పని లేకపోయింది. చెంచా ఎలా కింద పెడతారో చూస్తే వండినవాడికి తెలిసిపోతుంది. శేషఫణి చెయ్యి జేబులోకి వెళ్లింది. దుప్పట్ల గది తాళం చెవి పొద్దుటి నుంచి ఆ జేబులోనే ఉంది.

చెయ్యి కడుక్కుంటానని ఉర్సులా లేచింది. దారి తెలియక వంటగది వైపు వెళ్లింది. అక్కడ సుబ్బరత్తమ్మ తన భోజనం కోసం అప్పుడే మట్టి చట్టి మూత తీసింది. ఉర్సులా గుమ్మంలోనే ఆగిపోయింది. అదేమిటని చేత్తో అడిగింది. సుబ్బరత్తమ్మ ఏ కమిటీనీ అడగలేదు. పీట వాల్చి, పళ్లెంలో వేడన్నం పెట్టి, పైన నిన్నటి పులుసు పోసింది.

“తినమ్మా. ముళ్లుంటయి, చూసుకో,” అంది.

పళ్లేలు పట్టుకుని వెనకే వచ్చిన మాలకొండయ్య, ఆయన వెనకే హోదా వరసలో వచ్చిన కమిటీ, గుమ్మం దగ్గర నిలబడిపోయారు. ఉర్సులా చేత్తోనే కలుపుకుని తింటోంది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. తుడుచుకుని మళ్లీ తింటోంది. ఉన్నట్టుండి తన గ్లాసు తెమ్మంది. తాగింది. తాగి, కళ్లు మూసుకుని, ఇంకో ముద్ద తిని, మళ్లీ తాగింది.

“నాకు ఇది ఎందుకు పెట్టలేదు?” అంది.

మాలకొండయ్యే చెప్పాల్సి వచ్చింది. “అది నిన్నటిదమ్మా. రూలు ప్రకారం పొద్దున్నే పారబోయాల.”

“నిన్న కూడా ఇలాగే ఉందా?”

“లేదమ్మా. నిన్నయితే పులుపు పులుపే, కారం కారమే. దేనికదే. రాత్రంతా చట్టిలో ఉంటే అన్నీ సర్దుకుంటయి.”

ఆమె నవ్వింది. తన వైను కూడా మొదట్లో పళ్లు జివ్వుమనేంత పులుపుగా ఉంటుందనీ, చల్లటి నేలమాళిగలో నెలల తరబడి ఊరికే వదిలేస్తాననీ, తన పనిలో సగం ఏమీ చేయకుండా ఓపిక పట్టడమేననీ చెప్పింది. ఇంకో గ్లాసు నింపి మాలకొండయ్యకు అందించింది. అందరూ శేషఫణి వైపు చూశారు.

“డ్యూటీలో ఉన్నానమ్మా,” అన్నాడు మాలకొండయ్య. అన్నాక, తన నోటి నుంచి వచ్చిన మాటలన్నిటిలోకీ ఇదే తెలివితక్కువ మాటేమో అని కూడా అనుకున్నాడు.

అరవై నాలుగు పేజీలు రాసిన మీలో ఈ వైను ఎవరికి బాగా నచ్చిందని ఉర్సులా గరుడాచలం గారిని కుతూహలంగా అడిగింది. డైరెక్టర్ గారు కిటికీ బయటికి చూశారు. అక్కడ స్కూటర్ ట్యాంకు మూత తెరుచుకుని ఎండలో నిలబడి ఉంది. “మా పరిశీలనలో అది సంతృప్తికరముగా ఉన్నది,” అన్నారు మెల్లగా.

ఆమె ఆమోదపత్రం మీద చేపల పులుసు అని రాసి, పక్కన నిన్నటిది అని రాసి, సంతకం పెట్టింది. శేషఫణి జేబులోంచి ఉత్త చెయ్యి బయటికి తీశాడు.

మాలకొండయ్య వంటగది అలా నిలబడింది. తొలగించిన గోంగూర కూడా దాంతో పాటే తిరిగొచ్చింది. కాకపోతే ఆ సంస్థలో ఏ మంచి జరిగినా దాని వెనక ఒక సర్క్యులర్ వస్తుంది. అది ఆ శుక్రవారం వచ్చింది.

“జర్మన్ ప్రతినిధి ఆమోదమును లోతుగా విశ్లేషించిన మీదట తేలినది ఏమనగా, సదరు పులుసు యొక్క విజయమునకు కారణము దాని సర్వీసు. కావున ఇకపై ప్రతి పదార్థమును వండిన నాడు ప్రొబేషన్‌లో ఉంచవలెను. ఒక్క రోజు సర్వీసు సంతృప్తికరముగా పూర్తి చేయని ఏ పదార్థమును వడ్డింపరాదు.”

సోమవారం క్యాంటీన్‌లో నిన్నటి పెసరట్లు పెట్టారు. ఒక్కోదాన్ని తుంచడానికి ఇద్దరు మనుషులు పట్టారు. నిన్నటి పూరీలు, నిన్నటి ఉప్మా, నిన్న కలిపిన కాఫీ. మంగళవారం గరుడాచలం గారు గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని కనిపించారు. తన సర్క్యులర్‌ను తానే ఎలా కాదనగలరు పాపం. మాలకొండయ్యకు ఆయన మీద జాలి వేసింది. ఆ రోజు పలక మీద వంగిన మనిషి గుర్తొచ్చాడు.

ఎదురు తిరగడం ఆయనకు చేతకాదు. ఇరవై తొమ్మిదేళ్లు విన్న భాష మాత్రం బాగానే వచ్చు. బుధవారం పొద్దున్న తెల్లకాగితం తీసి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, ఉద్యోగంలో మొదటిసారి ఒక వినతి రాశాడు.

“పై సర్క్యులర్‌కు సంబంధించి విన్నవించునది ఏమనగా, ప్రొబేషన్‌లో ఉన్న పదార్థము యొక్క నడవడికను ఎవరు, ఎప్పుడు పరిశీలించవలెనో తెలుపబడలేదు. పరిశీలన లేని ప్రొబేషన్ చెల్లదు. కావున వండిన రోజుననే, వేడి తగ్గకముందే, బాధ్యత గల సిబ్బంది అందరు పళ్లెములతో హాజరై దాని నడవడికను స్వయముగా పరిశీలింప ప్రార్థన.”

గరుడాచలం గారు చదివారు. మళ్లీ చదివారు. శేషఫణిని పిలిచి, ఇందులో నిబంధనలకు విరుద్ధమైనది ఏమైనా ఉందా అని అడిగారు. శేషఫణి పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, లేదనడమే కాక, ఈ అంశాన్ని ఇన్నాళ్లూ గమనించకపోవడం లోపమేనన్నాడు. ఆయన కూడా మూడు రోజులుగా సరిగ్గా తినలేదు.

ఆ మధ్యాహ్నం పన్నెండున్నరకు నలభై మంది నడవడిక పరిశీలకులు వరసగా కూర్చున్నారు. మాలకొండయ్య పొగలు కక్కుతున్న ముద్దపప్పు వడ్డించాడు. నేతితో గోంగూర వడ్డించాడు. సుబ్బరత్తమ్మ అన్నం దబరా పట్టుకుని వెనకే నడిచింది. గరుడాచలం గారు నాలుగు ముద్దలు తిని, దస్త్రంలో ప్రవర్తన సంతృప్తికరము అని రాశారు. రాసి, కలం మూత పెట్టబోయి ఆగారు.

“మాలకొండయ్యా, ఒక్కసారి పరిశీలించి నిర్ణయానికి రావడం న్యాయం కాదేమో. ఇంకొంచెం వెయ్యి.”

మాలకొండయ్య ఇంకొంచెం వేశాడు.

మిగిలిన పది నెలలూ అలాగే నడిచాయి. రోజూ వండిన పదార్థాలు రోజూ ప్రొబేషన్‌లో చేరేవి. పరిశీలన ఎంత క్షుణ్ణంగా జరిగేదంటే, గిన్నె అడుగున సర్వీసు పూర్తి చేయడానికి ఏమీ మిగిలేది కాదు. మాలకొండయ్య రిటైర్ అయ్యేనాటికి, మూతపెట్టి దాచిన ఆ ఒక్క పులుసు తప్ప, ఆ వంటగదిలో ఏ పదార్థమూ పర్మనెంట్ కాలేదు.